బాణం వేసేటప్పుడు శత్రువును చూడకండి, చెక్కను చూడండి

వాలరెంట్ అనే తుపాకుల వీడియో గేమ్‌లో సోవా అనే విలుకాడి పాత్రతో రెండు నెలలుగా ఆడుతున్నానని, పెట్టె చాటున నక్కినవాడికి షాక్ బాణం (పడినచోట పేలే బాణం) ఒక్కటీ తగలడం లేదని, ఎన్ని లైనప్‌లు (ఎక్కడ నిలబడి ఎటు గురిపెడితే బాణం ఎక్కడ పడుతుందో ముందే బట్టీపట్టే లెక్కలు) నేర్చుకోవాలో, బాణం ఎంత లాగి వదలాలో చెప్పమని మీరు అడిగారు. ఒక్క లైనప్ కూడా నేర్చుకోవద్దు అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. అలా అంటే నా మీదికి దండెత్తి వచ్చేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక మ్యాపుకు రెండు చాలంటాను. ఆ రెండింటినీ ఎందుకు నమ్మకూడదో కూడా చెబుతాను.

ముందే చెప్పేస్తున్నాను, నా ర్యాంకు గోల్డ్. దాని పైదైన ప్లాటినం గడప ఒకసారి తొక్కి పది రోజుల్లో వెనక్కి వచ్చేశాను. వయసు ముప్పై తొమ్మిది. చేతివేగంలో ఇంటర్మీడియట్ పిల్లలతో పోటీ పడలేను కాబట్టి తుపాకీని వాళ్లకు వదిలేసి బాణాన్ని నమ్ముకున్నాను. తుపాకీ గురించి నన్నెవరూ అడగరు, అడిగినా చెప్పను. కానీ బాణం గురించి నా మాట వినవచ్చు.

పోయిన దసరా సెలవులకు అక్క, మేనల్లుడు హైదరాబాదులో మా ఇంటికి వచ్చారు. వాడు రేజ్ అనే పాత్రతో ఆడతాడు, నేను సోవాతో. వాడు తన ల్యాప్‌టాప్‌తో భోజనాల బల్ల దగ్గర, నేను పడకగదిలో. అసెంట్ మ్యాపు, అదే, వెనిస్ నగరంలా కట్టారే, అది. స్కోరు పన్నెండు, పదకొండు. ఆధిక్యం మాదే, దాడి మాదే, ఇంకో రౌండు గెలిస్తే ఆట అయిపోతుంది. మేనల్లుడు ఎ సైట్ అనే చోట స్పైక్, అంటే బాంబు, పెట్టి, మరుక్షణమే చచ్చిపోయాడు. మిగిలింది అటు ఒక్కడు, ఇటు నేను. స్పైక్ పేలడానికి 45 సెకన్లు. దాన్ని పేలకుండా తీసేయడానికి వాడికి కావలసింది 7 సెకన్లు.

నా దగ్గర రెండు షాక్ బాణాలు ఉన్నాయి. అంతకుముందు వారమంతా కూర్చుని సాధన చేసిన లైనప్ కూడా ఉంది. ఎ లాబీలో ఒక మూలకు వీపు ఆనించి నిలబడాలి, ఎదుటి ఇంటి కప్పు అంచు మీద క్రాస్‌హెయిర్ (తెర మధ్యలోని గురి గుర్తు) పెట్టాలి, పూర్తిగా లాగి వదలాలి. బాణం ఇళ్ల మీదుగా వెళ్లి సరిగ్గా స్పైక్ మీద పడుతుంది. కస్టమ్ ఆటలో, అంటే సాధనకు మనమే పెట్టుకునే ఆటలో, ఇరవైసార్లు వేస్తే ఇరవైసార్లూ పడింది. ఆ మూలలో నిలబడి ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాను. మేనల్లుడు ల్యాప్‌టాప్ వదిలి నా వెనుకకు వచ్చి నిలబడ్డాడు. స్పైక్ తీసే చప్పుడు వినబడింది. ఒకటి వదిలాను, వెంటనే రెండోది వదిలాను. చప్పుడు ఆగింది. రెండూ పేలాయి. పోయాడనుకుని కుర్చీలోంచి సగం లేచాను కూడా.

చావలేదు. స్పైక్ తీయడంలో సగం, అంటే మూడున్నర సెకన్లు పూర్తయితే ఆ సగం అలాగే ఉండిపోతుందన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. వాడు సరిగ్గా సగం పూర్తి చేసి, లేచి, జనరేటర్ పెట్టె వెనక్కి రెండడుగులు వేశాడు. నా బాణాలు ఖాళీ నేల మీద పేలాయి. మళ్లీ వచ్చాడు, మిగిలిన మూడున్నర సెకన్లు తీరిగ్గా కూర్చున్నాడు. నేను లాబీలోంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి రౌండు అయిపోయింది. అదనపు రౌండ్లలో ఓడిపోయాం.

మేనల్లుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మామయ్యా, స్పైక్‌కు మాత్రం రెండూ చక్కగా తగిలాయి" అన్నాడు. వంటింట్లోంచి అక్క, "ఓడిపోయారు కదా, ఇక వచ్చి తినండి" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే తెలిసింది. నన్ను ఓడించినవాడు నన్ను చూడనేలేదు. సోవా దూరంగా ఎక్కడో నిలబడి ఉంటాడని, బాణం గాలిలో ఉండగా తనకు కాస్త వ్యవధి దొరుకుతుందని వాడికి తెలుసు. నేను చూసిన వీడియోనే వాడూ చూశాడు. లైనప్‌లతో వచ్చే చిక్కు ఇదే. అది గైడు పుస్తకం చదివి పరీక్షకు వెళ్లడం. ప్రశ్నపత్రం దిద్దేవాడి చేతిలోనూ అదే గైడు ఉంటుంది.

మరి ఏం చేయాలి? దీనికి నా దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. రుజువు అడగకండి, పందెం మాత్రం కాస్తాను: చిన్నప్పుడు క్యారమ్స్ ఆడినవాళ్లే సోవాతో బాగా ఆడతారు.

గుంటూరులో మా ఇంటి వరండాలో ఒక బోర్డు ఉండేది. వానాకాలం తేమకు ఉబ్బి ఒక మూల కాస్త లేచింది, ఎంత బోరిక్ పౌడర్ చల్లినా అక్కడ స్ట్రైకర్ తడబడేది. మా పెదనాన్న అదే మూలను వాడుకుని అందరినీ ఓడించేవాడు. తన గీత కంటే ఇవతల, తన వైపే ఇరుక్కుపోయిన కాయిన్‌ను నేరుగా కొట్టడానికి వీలుండదు కదా. ఆయన స్ట్రైకర్‌ను ఎదుటి చెక్కకు కొట్టి వెనక్కి రప్పించి వేసేవాడు. నేను పక్కన కూర్చుని ఆయన వేలి వంక చూసేవాణ్ణి కాదు, కళ్ల వంక చూసేవాణ్ణి. ఆయన కళ్లు ఒక్కసారి కూడా కాయిన్ మీద ఉండేవి కావు. "కాయిన్ ఎక్కడికీ పోదురా, చెక్కను చూడు" అనేవాడు.

సోవా బాణానికి రైట్ క్లిక్‌తో ఒకటో రెండో బౌన్సులు పెట్టుకోవచ్చని మీకు తెలుసు. కానీ ఆట మొదలవగానే అందరూ చేసే తప్పు ఒకటే. పెట్టె వెనుక ఉన్నవాణ్ణి ఊహించుకుని పెట్టె వైపు చూస్తారు. పెట్టెతో మీకు పనిలేదు. పెట్టెకు అటు పక్క ఉన్న గోడను చూడండి. బాణం దానికి ఎంత ఏటవాలుగా తగిలితే అంతే ఏటవాలుగా బయటికి వస్తుంది, క్యారమ్స్ చెక్కకు మల్లేనే. తేడా ఒక్కటే. స్ట్రైకర్ నేల మీద పాకుతుంది, బాణం గాలిలో కిందికి జారుతుంది. కాబట్టి దూరపు గోడకు వేస్తుంటే మీరు అనుకున్నదాని కంటే కాస్త పైకి పెట్టాలి.

రెండో తప్పు గూఢచారి బాణంతో చేస్తారు, అదే రీకాన్ బోల్ట్. అది గోడలను చీల్చి చూడదు. బాణం గుచ్చుకున్న చోటు నుంచి అడ్డు లేకుండా కనబడేవాళ్లను మాత్రమే చూపిస్తుంది. అయినా పెట్టెకు మన వైపు ముఖాన దాన్ని దిగవేసి, ఎవరూ లేరు పదండి అని జట్టును నడిపించి చంపించేవాళ్లను వారానికి పదిమందిని చూస్తున్నాను. వాడు పెట్టె వెనుక ఉన్నాడు. బాణం పెట్టె ముందు ఉంది. మీకు కనబడనివాడు దానికెలా కనబడతాడు? వెనుక గోడకు ఎత్తుగా వేయండి, తల ఎత్తితే గానీ దాన్ని కాల్చలేనంత ఎత్తుగా. వాడు దాన్ని కాల్చి పగలగొట్టినా నష్టం లేదు. ఆ క్షణంలో వాడి తుపాకీ మీ వైపు ఉండదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2006 ప్రాంతంలో గుంటూరు బ్రాడీపేటలో ఒక నెట్ సెంటరులో గంటకు పదిహేను రూపాయలు ఇచ్చి కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడేవాళ్లం. డస్ట్ 2 తప్ప వేరే మ్యాపు పెడితే గొడవలు అయ్యేవి. అప్పుడు లైనప్ అనే మాటే మాకు తెలియదు. గ్రనేడును సొరంగం గోడకు కొట్టి మలుపు తిప్పాలని ఎవరూ నేర్పలేదు, చేతులు కాల్చుకునే నేర్చుకున్నాం. పైగా పక్క కుర్చీలోనే శత్రువు ఉండేవాడు, గ్రనేడు పడగానే వాడి ముఖంలోనే తెలిసిపోయేది తగిలిందా లేదా అని. ఇప్పుడు పది నిమిషాల వీడియోలో రెండు నిమిషాలు లైకు కొట్టమని, రెండు నిమిషాలు స్పాన్సరుకు దండం పెట్టడం, ఆ తర్వాత ముప్పై లైనప్‌లు తుపాకీ పేలినట్టు టపటపా. ముప్పైలో మీకు గుర్తుండేది ఒకటి. ఆ ఒక్కటి కూడా మ్యాపును సవరించినరోజున పనికిరాకుండా పోతుంది.

సవరణలంటే గుర్తొచ్చింది. షాక్ బాణం గరిష్ఠ దెబ్బ ఒకప్పుడు 90 ఉండేది, 2022లో 75కు తగ్గించారు. 100 ప్రాణం, 50 కవచం ఉన్నవాణ్ణి రెండు బాణాలతో చంపాలంటే రెండూ సరిగ్గా వాడి మీదే పడాలి. మూరెడు దూరంలో పడితే బతికిపోతాడు. అంటే షాక్ బాణం ఇక చంపే ఆయుధం కాదు, మనిషిని కదిలించే ఆయుధం. ఇది మీరు ఒప్పుకుంటే మీ సమస్య సగం తీరినట్టే.

చాటున ఉన్నవాడికి బయటికి రావడానికి సాధారణంగా రెండే దారులు ఉంటాయి. ఒక దారి మీద బాణం వేయండి, రెండో దారి మీద క్రాస్‌హెయిర్ పెట్టుకుని నిలబడండి. స్పైక్ విషయంలో కూడా అంతే. మొదటి బాణం స్పైక్ మీదికి, రెండోది వాడు లేచి వెళ్లే పెట్టె వెనక్కి. మధ్యలో ఒక్క సెకను ఆగండి. నేను ఆగలేదు, అదే నా తప్పు. ఆ మర్నాడే ఇదే మ్యాపులో ఇలా వేశాను. రెండో బాణం దెబ్బకు వాడు చావలేదు గానీ పెట్టె చాటు నుంచి బయటికి దూకాడు, మేనల్లుడు అక్కడ సిద్ధంగా ఉన్నాడు. అక్కకు చూపిద్దామని పిలిస్తే రాలేదు.

బ్రీచ్ అనే ఇంకో పాత్ర గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. అతనికి బౌన్సు లెక్కలు అక్కర్లేదు. గోడకు ఎదురుగా నిలబడి నొక్కితే పేలుడు గోడ అవతలి వైపు వస్తుంది. కాబట్టి అక్కడ గురి అంటే మీరు నిలబడే చోటే. అవతల ఏ మూల ఎక్కడ ఉందో తెలియనివాడు బ్రీచ్‌తో ఆడితే గోడకు సున్నం వేసినట్టే. సోవా చివరి శక్తి కూడా గోడలను చీల్చుకునే వెళుతుంది, మూడు దెబ్బలు. అందులోనూ జనం వాడు కనబడిన చోటుకే మూడూ వేస్తారు. మొదటిది అక్కడికి, మిగిలినవి వాడు పారిపోయే వైపుకు వేయండి.

ఒంటరి ఆటల్లో ఈ బాధ లేదు. 2010లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ 2లో శక్తిని కాస్త పక్కకు గురిపెట్టి వదిలితే అదే వంపు తిరిగి చాటున ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లేది. ఆ సుఖానికి అలవాటుపడే నేను మొదట్లో సోవా బాణం కూడా మలుపు తిరుగుతుందేమో అన్నట్టు వేసేవాణ్ణి.

ఇంకో బాధ కూడా ఉంది, అడగకపోయినా చెబుతాను. బాణంతో శత్రువును కదిలిస్తే చంపడానికి జట్టులో ఒకడు ఉండాలి, వాడు మన మాట వినాలి. వాయిస్ చాట్‌లో నేను "వెనుక పెట్టె, ఎడమ నుంచి వస్తాడు" అని చెబుతుంటే, "అంకుల్, ఆఫీసు లేదా రేపు?" అని అడిగే కుర్రవాళ్లతో ఏం చేయాలో నాకు ఇంకా తెలియలేదు. ఉంది నాయనా, తొమ్మిదింటికే ఉంది. అయినా వాడు ఎడమ నుంచే వచ్చాడు చూడు.

ఇక బాణం ఎంత లాగాలన్న మీ రెండో ప్రశ్న. కొత్తలో ఎప్పుడూ పూర్తిగా లాగండి, సగం లాగడం జోలికి పోకండి. పూర్తిగా లాగినప్పుడు వేగం, దూరం ప్రతిసారీ ఒకేలా ఉంటాయి, కాబట్టి కంటికి ఒకే లెక్క అలవాటవుతుంది. కస్టమ్ ఆటలో చీట్స్ పెట్టుకుంటే బాణాలు అయిపోవు. ఏదో ఒక పెట్టె వెనుక స్నేహితుణ్ణి నిలబెట్టి, ఒక బౌన్సుతో వేరే వేరే చోట్ల నుంచి వాణ్ణి కొట్టడానికి ప్రయత్నించండి. ఒకే చోట నిలబడి మాత్రం రెండుసార్లు వేయకండి. వారం రోజులు అలా ఆడితే బాణం వదలకముందే అది ఎక్కడ పడుతుందో కనబడుతుంది. రెండు బౌన్సుల జోలికి ఆ తర్వాతే వెళ్లండి. నేను రెండు బౌన్సులు వేస్తే ఇప్పటికీ మూడింట ఒకటి నా కాళ్ల దగ్గరే వచ్చి పేలుతుంది.