ఎముక సంగతి తర్వాత, ముందు పాదం చూపించు

తార్నాక,
హైదరాబాద్

చి.ల.సౌ. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

పాప కాల్లో ఒక ఎముక లేకుండా పుట్టిందని నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. అందుకే రాస్తున్నా.

ముందు ఆ గ్రహణం గోల. ఏడో నెలలో గ్రహణం పూట కత్తిపీట ముట్టుకున్నావని మీ అత్తగారు అంటున్నారు కదా! కడుపులో బిడ్డకి కాళ్లూ చేతులూ ఎనిమిదో వారానికే రూపు కట్టేస్తాయి. ఏడో నెలలో తరిగిన వంకాయ వాటినేం చేస్తుంది? మావాడూ ఇలాగే పుట్టినప్పుడు నాకూ ఈ మాట పడింది. నమ్మాను కూడా.

పాపకి లేనిది ఫిబులా, అంటే మోకాలి కింద పక్కగా ఉండే సన్నెముక. సుమారు 40,000 కాన్పుల్లో ఒకరికి ఇలా అవుతుంది. లావెముక టిబియా లేకపోవడం ఇంకా అరుదు, పది లక్షల్లో ఒకరికి. దాని వైద్యం వేరు. కాబట్టి రిపోర్టులో ఏ ఎముక అని రాశారో ఇంకోసారి చూసుకో.

డాక్టరు ఎదురుగా కూర్చోగానే అందరం "ఎముక వస్తుందా?" అనే అడుగుతాం. రాదమ్మా. నువ్వు పాదం గురించి అడుగు. వేళ్లెన్ని, అరికాలు నేలకి ఆనుతుందా, మడమ పక్కకి ఒరిగిందా అని. తొడ ఎముక పొట్టిగా ఉండటం, మోకాల్లో లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, లేకపోవడం దీంతోపాటు తరచూ ఉంటాయి, అవీ చూడమను.

తర్వాత, పెద్దయ్యాక రెండు కాళ్ల పొడవులో తేడా ఎంతుంటుందో లెక్క కట్టించు. ఆడపిల్ల కాలు మూడేళ్లకే, మగపిల్లాడి కాలు నాలుగేళ్లకి సగం పొడవు వచ్చేస్తుంది. అంటే పాపకి మూడేళ్లప్పుడు 4 సెంటీమీటర్ల తేడా ఉంటే పెద్దయ్యాక 8. "పెరిగేకొద్దీ సర్దుకుంటుంది" అని మాకు ఒకాయన చెబితే రెండేళ్లు అలాగే కూర్చున్నాం. సర్దుకోలేదు.

మావాడి పాదం బాగుంది కాబట్టి ఏడో ఏట కాలు సాగదీయించాం. ఎముక కోసి, కాలి చుట్టూ ఇలిజరోవ్ రింగులు బిగించారు, అంటే ఎముకలోకి దిగే పిన్నులతో నిలిచే లోహపు చట్రం. దాని నట్లు తిప్పితే కోసిన ఎముక కొద్దికొద్దిగా ఎడమవుతుంది. రోజుకి 1 మిల్లీమీటరు, పూటకి పావు చుట్టు చొప్పున నాలుగుసార్లు పదో నంబరు పానాతో నేనే తిప్పేదాన్ని. ఒక రాత్రి కరెంటు పోతే కొవ్వొత్తి వెలుతుర్లో నట్టు వెనక్కి తిప్పేశా. తెల్లారగానే ఎటు తిప్పాలో తెలిసేలా ఎర్ర గోళ్లరంగుతో ప్రతి నట్టు మీదా చుక్క పెట్టా. 5 సెంటీమీటర్లు సాగడానికి 50 రోజులు, అది గట్టిపడి రింగులు తీసేసరికి ఏడు నెలలు. పిన్నుల దగ్గర చీము పట్టకుండా చూసుకోవడం ఒక ఎత్తు, పిక్క ఒక ఎత్తు. ఎముక సాగినంత తేలిగ్గా కండ సాగదు, పాదాన్ని కిందికి లాగేస్తుంది. దసరాకి ఊరెళ్లి పది రోజులు ఫిజియోథెరపీ మానేశాం. వాలిన ఆ పాదాన్ని పైకి తేవడానికి రెండు నెలలు పట్టింది.

పాదం బరువు మోసేలా లేకపోయినా, తేడా మరీ ఎక్కువైనా, పాదం తీసేసి కృత్రిమ కాలు పెడదామనొచ్చు. వినగానే లేచి వచ్చేయకు. మడమ మెత్త ఉంచి తీస్తే ఆ కొన మీదే బరువు వేసి నిలబడొచ్చు. పిల్ల ఎదిగేకొద్దీ కాలు మార్పిస్తూ ఉండాలి, నిజమే. కానీ మావాడు రింగులతో ఈడ్చుకుంటూ నడుస్తుంటే, అలాంటి కాలున్న పిల్ల ఒకతి వరండాలో పరుగులు తీసేది. ఆ రోజు నాకు కుళ్లు పుట్టింది, నీ దగ్గర దాచడమెందుకు? మొండికేసి పనికిరాని పాదాన్ని పట్టుకుని వేలాడటం కన్నా అదే నయం అంటాను నేను.

రెండు నెలల పసిదానికి ఇప్పుడే తొందరేం లేదు. కాళ్లు ఆడించనీ. నిలబడే వేళకి బూటు కింద ఎత్తు వేయించాలి, కోఠిలో మాకు కుట్టినాయన దగ్గరికి నేనే తీసుకెళ్తా. పంజగుట్ట నిమ్స్‌లో ఒకసారి, బయట పిల్లల ఎముకల డాక్టరుకి ఒకసారి చూపించు. ఇలాంటి పిల్లలకి ఇంతవరకు ఎంతమందికి చేశారని మొహమాటపడకుండా అడుగు.

ఎక్స్‌రే ఫిల్ములు మడవకు. వెనకాల తేదీ రాసి బీరువా పక్కన నిలబెట్టు. ఆదివారం వస్తాను, అన్నీ వరసగా పెట్టి చూద్దాం.

మీ పెద్దమ్మ