గిన్నెలకేం కాలేదమ్మా, సున్నమంతా నీళ్లలోనే ఉంది

సందేహం: మాది పాలకొల్లు. ఈ మధ్యే లండన్ వచ్చాం. అమ్మ సారెలో పెట్టిన స్టీలు గిన్నెల అడుగున తెల్లటి మచ్చలు కడుతున్నాయి. ఎంత తోమినా పోవట్లేదు. సరుకు నాసిరకమా?

సరుకుకేం లోటు లేదమ్మా. ధవళేశ్వరం నుంచి కాలువల్లో వచ్చే గోదావరి నీళ్లకు అలవాటుపడిన గిన్నెలవి. లండన్ తాగే థేమ్స్ నీళ్లు సుద్దరాతి నేలల మీదుగా వస్తూ కాల్షియాన్ని కరిగించుకుంటాయి. పొయ్యి మీద కాగగానే అది సున్నపురాయిగా మారి అడుగున పేరుకుపోతుంది. ఈ సున్నం (కాల్షియం కార్బొనేట్) లెక్కన లీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే బాగా కఠినమైన నీళ్లని లెక్క. లండన్‌లో చాలా పేటల్లో 200 పైమాటే. నీళ్ల కంపెనీ వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొడితే మీ వీధి లెక్క తెలుస్తుంది. తాగడానికి భయం లేదు, పిల్లలకీ పట్టొచ్చు. గ్లాస్గో వెళ్లినవాళ్లకి మాత్రం ఈ బెడద ఉండదు, అక్కడ సరస్సు నీళ్లు మెత్తన.

ఇదేమీ మనకు కొత్త కాదు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు పోస్తే పప్పు ఉడకదని, వంటకు వేరే నీళ్లు మోసుకొచ్చేవారు మనవాళ్లు. ఇడ్లీ పాత్ర అడుగున నీళ్లలో చిన్న చింతపండు ముక్క వేయడం మీ అమ్మగారి దగ్గర చూసే ఉంటారు. పాత్ర నల్లబడకుండా వేసే ఆ పులుపే ఇక్కడ సున్నాన్నీ పట్టనివ్వదు.

ముందు ఆ మచ్చ మీద నిమ్మరసం చుక్క వేసి కళ్లు దగ్గరగా పెట్టి చూడండి. సన్నటి బుడగలు చిటపటమంటూ లేస్తే అది సున్నమే. చలనం లేకపోతే గంజి అయినా కావచ్చు, జిడ్డు అయినా కావచ్చు. దానికి వేడినీళ్లు, సబ్బు చాలు.

సున్నమే అయితే తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి మచ్చ మునిగేదాకా పోసి, ఒక పొంగు రానిచ్చి, పొయ్యి కట్టేసి అరగంట వదిలేయండి. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ ఘాటు మామూలుగా ఉండదు. తర్వాత మెత్తటి స్పాంజితో తుడిస్తే పొర చేతికి వచ్చేస్తుంది. మందంగా ఉంటే ఇంకోసారి. ఇనప పీచు మాత్రం వద్దు. గీతలు పడ్డ చోటే మళ్లీ సున్నం పట్టుకుంటుంది. కెటిల్‌కి వెనిగర్ కంటే సిట్రిక్ యాసిడ్ పొడి మేలు, వాసన ఉండదు. ఖరీదైన లిక్విడ్ల సీసాలు కొనకండి. వాటిలో చాలావాటి పని కూడా ఇలాంటి పులుపే చేస్తుంది. వెనిగర్‌నీ, బ్లీచ్‌నీ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

అన్ని గిన్నెలకూ ఇదే వైద్యం పనికిరాదు. అల్యూమినియం అయితే పులుపు పోసి రాత్రంతా ఉంచొద్దు. బేకింగ్ సోడా వేస్తే ఇంకా నల్లబడుతుంది. ఇనప పెనానికి వెనిగర్ తగిలిందంటే నూనె పట్టించి అట్లకు సిద్ధం చేసుకున్న పొర కాస్తా లేచిపోతుంది. కళాయి పూసిన ఇత్తడి గిన్నె ఉంటే లోపల గట్టిగా రుద్దొద్దు. ఇక్కడ కళాయి వేసేవాడిని ఎక్కడ వెతుకుతారు?

అన్నిటికంటే ముఖ్యంగా చూసుకోవాల్సింది ప్రెషర్ కుక్కర్. మూత మీద విజిల్ కూర్చునే సన్నటి గొట్టంలో సున్నం చేరితే ఆవిరికి దారి మూసుకుపోతుంది. మూతను వెలుతురుకు ఎత్తిపట్టి ఆ రంధ్రంలోంచి చూడండి. అవతలి వెలుగు కనిపించకపోతే కుక్కర్ పొయ్యెక్కించొద్దు, ముందు శుభ్రం చేయండి.

తోమిన గిన్నెలు బోర్లించి వాటంతటవే ఆరనిస్తే ప్రతి చుక్కా ఒక మచ్చ అవుతుంది. వెంటనే పొడిబట్టతో తుడిచేయండి. కెటిల్‌లో నీళ్లు మిగిలితే ఒంపేయండి. టీ మీద తెట్టులా తేలేది కూడా ఈ నీళ్ల మహిమే. జగ్గు ఫిల్టర్‌లో వడగట్టిన నీళ్లతో పెడితే చాలావరకు తగ్గుతుంది.

మీ ఇంట్లో డిష్‌వాషర్ ఉంటే, నీళ్లను మెత్తబరచడానికి అడుగున ఉప్పు పోసే చోటు ఒకటి ఉంటుంది. దానికి విడిగా అమ్మే డిష్‌వాషర్ ఉప్పే పోయాలి. కూరలో వేసే ఉప్పు పోస్తే మిషన్ పాడవుతుంది.