కాలేజీ సైట్‌లో లోపం కనిపెట్టాను, చెప్పనా వద్దా?

ప్రశ్న: నేను బీటెక్ మూడో ఏడాది. ఆరు నెలలుగా ఎథికల్ హ్యాకింగ్ (అనుమతితో సిస్టమ్‌లలో లోపాలు వెతకడం) నేర్చుకుంటున్నాను. మొన్న మా కాలేజీ రిజల్ట్స్ సైట్‌లో అడ్రస్ చివరి నంబరు మారిస్తే వేరేవాళ్ల మార్కుల మెమోలు వచ్చాయి. ఓ పది చూసి స్క్రీన్‌షాట్లు తీశాను. కాలేజీకి చెబితే నా మీదే కేసు పెడతారని ఫ్రెండ్స్ అంటున్నారు. అసలు ఇది నేర్చుకోవడమే నేరమా సార్? – ఓ విద్యార్థి, విజయవాడ

జవాబు: నేర్చుకోవడం నేరం కాదు. ల్యాప్‌టాప్‌లో హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే కాలీ లైనక్స్ ఉందని ఎవరూ పట్టుకుపోరు. ఆ సిస్టమ్ ఎవరిది, వాళ్లు ఒప్పుకున్నారా అన్నదే చట్టం అడిగేది. అనుమతి లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లినా, డేటా దించుకున్నా 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 43 కింద నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అదే పని అక్రమ లాభం కోసమో మోసగించడానికో చేస్తే సెక్షన్ 66: 3 ఏళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

మొదటి మెమో పొరపాటున కనబడిందనొచ్చు. పదో మెమో దగ్గర ఆ మాట నమ్మించడం కష్టం. మీకు దురుద్దేశం లేదు కాబట్టి కోర్టులో 66 నిలబడదనే నా అభిప్రాయం. అది బెయిలబుల్ సెక్షనే. కానీ ఎఫ్ఐఆర్ అయితే ముందు ల్యాప్‌టాప్, ఫోన్ సీజ్ చేస్తారు. ప్లేస్‌మెంట్ల ముందు ఆ టెన్షన్ మీకెందుకు?

ఇక ఆ సైట్ జోలికి పోకండి. స్క్రీన్‌షాట్లు ఎవరికీ పంపొద్దు, కంగారుపడి చెరపనూ వద్దు. దగ్గర్లోని లాయర్‌కు ఒకసారి చూపించి, ఆ తర్వాత లోపం ఏమిటో మాత్రం రాసి కాలేజీకి ఇవ్వండి. కేంద్రం వారి సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా ఇలాంటి రిపోర్టులు తీసుకుంటుంది. అయితే రిపోర్ట్ చేసినవాళ్ల మీద కేసు పెట్టకూడదని మన ఐటీ చట్టంలో ఎక్కడా లేదు. 'డబ్బిస్తేనే చెబుతా, లేదంటే బయటపెడతా' అని మాత్రం సరదాకైనా అనకండి. అది భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 308, బలవంతపు వసూలు కిందికి పోతుంది.

ప్రాక్టీస్‌కు ట్రైహ్యాక్‌మీ, హ్యాక్ ద బాక్స్ లాంటి సైట్లు ఉన్నాయి. సొంత మెషీన్‌లో మెటాస్ప్లాయిటబుల్ (ప్రాక్టీస్ కోసం కావాలనే లోపాలతో చేసిన సిస్టమ్) వేసుకుంటే అడిగేవాడే లేడు. బగ్ బౌంటీలో (లోపాలు చెప్పినవారికి కంపెనీ బహుమతి ఇచ్చే పథకం) కంపెనీ రాసిచ్చిన స్కోప్, అంటే హద్దు, దాటితే అనుమతి లేనట్టే. రేపు తెలిసినాయన 'మా షాపు సైట్ టెస్ట్ చెయ్ బాబూ' అన్నా నోటిమాట మీద దిగకండి. ఏ అడ్రస్‌లు, ఏ తేదీలు, ఏమేం చేయొచ్చో రాయించి సంతకం తీసుకోండి. సైట్ వేరే కంపెనీ సర్వర్‌లో ఉంటే ఆయన సంతకం ఒక్కటే చాలదు, ఆ కంపెనీ నిబంధనలూ చూడాలి.