కోడింగ్ ఏఐకి బొమ్మల టూల్ తగిలిస్తే ఏమవుతుంది? మా పిన్ని పచ్చళ్ళ సైట్ అనుభవం

"కోడింగ్ అసిస్టెంటుకి ఇమేజ్ జనరేషన్ టూల్ ఎలా కనెక్ట్ చేసుకోవాలి? నిజంగా పనికొస్తుందా?" అని అడిగారు.

ఎలా అన్నదానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. 2024 నవంబర్‌లో క్లాడ్ ఏఐని చేసే ఆంత్రోపిక్ వాళ్ళు, ఏఐకి బయటి టూళ్ళని తగిలించే ఎమ్‌సీపీ అనే పద్ధతి బయటపెట్టాక ఈ తగిలింపులన్నీ ఒకే తరహాలోకి వచ్చాయి. మీ కోడింగ్ అసిస్టెంటు క్లాడ్ కోడ్ అయితే టెర్మినల్లో ఒక కమాండు, కర్సర్ అయితే జేసన్ అనే సెట్టింగుల ఫైల్లో నాలుగు లైన్లు. బొమ్మల కంపెనీ ఇచ్చే ఏపీఐ కీ (మన ఖాతా తాళంచెవి లాంటిది) ఇస్తే టీ చల్లారేలోపు అయిపోతుంది. దీనికి యూట్యూబ్‌లో ఇరవై నిమిషాల వీడియోలు, అందులో సగం సబ్‌స్క్రైబ్ చెయ్యమని బతిమాలడమే. తగిలించాక ఏమవుతుందో మాత్రం ఒక్కడూ చెప్పడు. నాకైంది చెప్తా.

తెనాలిలో మా పిన్ని పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. పోయిన వేసవిలో "ఒరేయ్, నాకూ ఒక సైట్ చేసి పెట్టరా" అంది. పన్నెండు రకాలు, ఒక్కోదానికి రెండు మూడు బొమ్మలు కావాలి. ఫొటోగ్రాఫర్‌ని పిలిస్తే ఖర్చు. ఎలాగూ కోడ్ అసిస్టెంటే రాస్తోంది కదా, బొమ్మలు కూడా దానిచేతే గీయిస్తే సరి అనుకున్నా.

అసిస్టెంటుకీ బొమ్మల టూల్‌కీ మధ్య నిలబడే చిన్న ప్రోగ్రామును సర్వర్ అంటారు. నాకు మొదట దొరికిన సర్వర్ బొమ్మని ఫైలుగా దాచకుండా, బేస్64 అక్షరాలుగా మార్చి చాట్‌లోకే కుమ్మరించేది. ఆ పద్ధతిలో 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. ఒకటిన్నర ఎంబీ ఆవకాయ బొమ్మ రెండు ఎంబీల అక్షరాల గుట్ట అయింది. రెండో బొమ్మకి అసిస్టెంటు బుర్ర నిండిపోయి, ఏ సైట్ చేస్తున్నామో నన్నే అడిగింది. బొమ్మని డిస్కులో దాచి, ఫైలు ఎక్కడుందో మాత్రం చెప్పే సర్వర్ పెట్టుకోండి. సొంతంగా రాసుకుంటే, స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి ఒక్క ప్రింట్ లైన్ కూడా వెళ్ళనివ్వకండి. అసిస్టెంటూ సర్వరూ మాట్లాడుకునే దారి అదే, మధ్యలో మన మాటలు పడితే కనెక్షన్ చెడిపోతుంది. నాకు ఇది తెలియడానికి ఒక ఆదివారం పోయింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. రాత్రి పదకొండింటికి "బొమ్మలు బాగా వచ్చేదాకా మార్చుకుంటూ వెళ్ళు" అని చెప్పి, ప్రతిసారీ నన్ను అడగక్కర్లేదని పర్మిషన్ కూడా ఇచ్చి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే ఫోల్డర్లో 83 బొమ్మలు. గీసిన బొమ్మని తనే చూసుకోవడం, "వెలుతురు ఇంకాస్త వెచ్చగా ఉండాలి" అని తనే వంక పెట్టడం, మళ్ళీ గీయడం. నేనేమో క్వాలిటీ హై లో పెట్టి వదిలా. బిల్లు 1,200 రూపాయల దాకా వచ్చింది, అంటే పిన్ని అమ్మే ఆవకాయలో దగ్గర దగ్గర మూడు కేజీలు. ఈ కాలంలో క్లయింట్లు "ఏఐతోనే కదా చేస్తున్నావ్, డబ్బులెందుకు" అంటారు చూడండి, వాళ్ళకి ఆ బిల్లు ఫ్రేము కట్టించి ఇవ్వాలనిపించింది.

సరే, డబ్బు పోతే పోయింది, బొమ్మలు మాత్రం మెరిసిపోతున్నాయి అనుకుని వాట్సాప్‌లో పంపా. పిన్ని వెంటనే ఫోన్ చేసింది.

"ఇదేంట్రా?"

"ఆవకాయ పిన్నీ."

"టెంకేదిరా? టెంక లేకుండా ఆవకాయేంటి? ముక్కలు చూడు, బంగాళాదుంప కూరలా ఉన్నాయి. సీసా మీద ఆ రాతేంటి, కన్నడమా?"

అది తెలుగే. అంటే, తెలుగని అది అనుకున్నది. 'ఆ'కి దీర్ఘం ఎటో పోయింది, 'క' తలకట్టు లేకుండా బోడిగా ఉంది, చివర్లో ఏ భాషకీ చెందని సున్నా ఒకటి. ఫాంటుకైతే ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో లెక్క ఉంటుంది. ఈ టూళ్ళు అక్షరాన్ని కూడా మామిడికాయ గీసినట్టే గీస్తాయి. కొత్తవాటిలో బాగుపడిందంటున్నారు. మూడు వత్తులున్న మాట ఇచ్చి చూపించండి, అప్పుడు నమ్ముతా. అందాకా తెలుగు రాత బొమ్మలో వద్దు, పేజీలో అసలు అక్షరాలుగా పెట్టండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి ఊరికే దొరుకుతాయి.

టెంక కోసం నేను మళ్ళీ కూర్చున్నా. ప్రాంప్టులో "ప్రతి ముక్కకీ గట్టి టెంక అంటుకుని ఉండాలి" అని రాస్తే, పక్కన గిన్నెలో నాలుగు బాదంపప్పులు పెట్టి ఇచ్చింది. అక్కడితో దణ్ణం పెట్టేశా.

చివరికి పిన్నే పెరట్లో అరుగు మీద జాడీ పెట్టి, పదింటి ఎండలో తన ఫోన్‌తో ఫొటోలు తీసింది. నూనె పైకి తేలి, అంచున ఆవపిండి అంటుకుని, ముక్కకి టెంక కనపడుతూ. వాటిని సైజు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికపాటి ఫార్మాట్‌లోకి మార్చి, పేరు పెట్టి పేజీల్లో సర్దే పని అసిస్టెంటుకి ఇచ్చా. చక్కగా చేసింది. బొమ్మల టూల్ ఇప్పటికీ తగిలించే ఉంది, పేజీ వెనకాల వేసే గుడ్డ మరకల్లాంటి డిజైన్లకి వాడతా. కాకపోతే ప్రతి బొమ్మకీ నన్ను అడిగి తీరాలి, కీ మీద నెలకి ఇంతేనని పరిమితి ఉంది.

ఆ 83లో ఒక్కటి మాత్రం సైట్లో ఉంచా. లేని పేజీకి ఎవరైనా వెళ్తే ఆ బంగాళాదుంప ఆవకాయ కనిపిస్తుంది, కింద "పేజీ దొరకలేదు, టెంకా దొరకలేదు" అని రామభద్రలో. ఆ రెండో ముక్క పిన్ని చెప్పి రాయించిందే.