చిన్న గానుగకు పాతిక లక్షల అప్పెందుకు?

ప్రశ్న: మాది వనపర్తి దగ్గర పల్లె. నా వయసు 38, మహిళా సంఘంలో సభ్యురాలిని. మూడెకరాల్లో పల్లి వేస్తాం. మా ఆయన ఆటో నడుపుతాడు. రెండేళ్లుగా మా పల్లీలకు తోడు ఊళ్లో కొన్ని కొని, టౌన్‌లో గానుగ పట్టించి నూనె అమ్ముతున్నాను. నెలకు 120 లీటర్ల దాకా పోతోంది. సొంత గానుగ పెట్టుకుందామని అడిగితే ఒక కన్సల్టెంట్ '25 లక్షల ప్రాజెక్టు పెట్టండి, 8 లక్షల 75 వేలు సబ్సిడీ వస్తుంది, అందులో పది శాతం నాకివ్వండి, అంతా నేనే చూసుకుంటా' అంటున్నాడు. మాకు 4 లక్షల ఎఫ్‌డీ, ఆరు తులాల బంగారం ఉన్నాయి. పాప ఇంటర్ సెకండియర్. ఎఫ్‌డీ తీయాలా, బంగారం కుదువ పెట్టాలా, లేక ముద్ర లోన్ తీసుకోవాలా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి పోవద్దమ్మా. వచ్చే ఏడాది పాప కాలేజీలో చేరే సమయానికే మీ గానుగకు మొదటి కిస్తీలు మొదలవుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తే మంచిదే కానీ హాస్టల్, పుస్తకాలు, రానుపోను ఖర్చులు దాంట్లో తీరవు. బంగారం సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ 25 లక్షల మాట తేల్చుకుందాం.

కన్సల్టెంట్ చెప్పిన అంకె తప్పు కాదు. ఆయన చెప్తున్నది పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. 2008 నుంచి నడుస్తోంది. దేశమంతటికీ ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ చూస్తుంది, జిల్లాలో జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. పల్లెలో యూనిట్ పెట్టే మహిళకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, పట్నంలో అయితే 25 శాతం. మీ చేతి నుంచి పెట్టాల్సింది 5 శాతమే, మిగతాది బ్యాంకు ఇస్తుంది. తయారీ యూనిట్‌కు 50 లక్షల ప్రాజెక్టు దాకా ఈ పథకం వర్తిస్తుంది. కాబట్టి 25 లక్షలకు 8.75 లక్షల సబ్సిడీ అన్నది నిజమే.

ఆయన చెప్పకుండా వదిలేసింది వేరే ఉంది. ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. బ్యాంకులో మీ పేరిట డిపాజిట్‌గా మూడేళ్లు ఉంటుంది. దాని మీద మీకు వడ్డీ రాదు, అప్పులో అంత మొత్తం మీద బ్యాంకు కూడా వడ్డీ వేయదు. మూడేళ్లు యూనిట్ నడిచి, కిస్తీలు సరిగ్గా కట్టి, తనిఖీలో అంతా బాగుందని తేలితే అప్పుడు దాన్ని అప్పులో జమ చేసుకుంటారు. మధ్యలో యూనిట్ మూతపడితే సబ్సిడీ పోతుంది, అప్పు మొత్తం మీ నెత్తిన మిగులుతుంది. కన్సల్టెంట్‌కు మాత్రం తన పది శాతం, అంటే 87,500 రూపాయలు, మొదట్లోనే కావాలి. మూడేళ్ల తర్వాత సబ్సిడీ జమైన రోజున ఇస్తానని ఒకసారి అని చూడండి, ఏమంటాడో.

ఇక మీ అంకెలతోనే లెక్క చూద్దాం. గానుగలో లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజ పడుతుంది. కిలో 120 చొప్పున 300 రూపాయలు. మిగిలిన పల్లి చెక్క అమ్మితే ఓ 60 వెనక్కి వస్తుంది. సీసా, లేబుల్, కరెంటు, కూలి, చేరవేత అన్నీ కలిపి 35 అనుకుందాం. అంటే లీటరు మీకు 275 పడుతుంది. నేరుగా ఇంటింటికీ 340కి అమ్మితే 65 మిగులుతుంది, దుకాణానికి 310కి వేస్తే 35. సగటున లీటరుకు 50 రూపాయలు. ఇక్కడ ఒక జాగ్రత్త: మీ మూడెకరాల పల్లీలను కూడా ఆ రోజు మార్కెట్ ధరకే లెక్క కట్టండి. 'మన పంటే కదా' అని వదిలేస్తే చేను సంపాదించిన డబ్బు నూనె సంపాదించినట్టు కనిపిస్తుంది. ఇంటి వ్యాపారాల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే.

25 లక్షల ప్రాజెక్టులో మీ వాటా 1.25 లక్షలు పోతే బ్యాంకు అప్పు 23.75 లక్షలు. అందులో సబ్సిడీ తీసేస్తే వడ్డీ పడే అప్పు 15 లక్షలు. 11 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అనుకుంటే నెల కిస్తీ సుమారు 25,700. లీటరుకు 50 మిగిలే వ్యాపారంలో కిస్తీకే నెలకు 514 లీటర్లు అమ్మాలి. ఇప్పుడు మీరు అమ్ముతున్నది 120. సబ్సిడీ చేజారితే కిస్తీ 40,700 దాకా పోతుంది, అప్పుడు 814 లీటర్లు. ఇంటి ఖర్చుకు ఒక్క రూపాయి తీసుకోకుండానే!

ఇదే పథకంలో 8 లక్షల ప్రాజెక్టు చూడండి. మీ వాటా 40 వేలు, సబ్సిడీ 2.8 లక్షలు, వడ్డీ పడే అప్పు 4.8 లక్షలు. అదే వడ్డీ, అదే గడువుకు కిస్తీ దాదాపు 8,200. దానికి 165 లీటర్లు చాలు. ఒకవేళ సబ్సిడీ రాకపోయినా కిస్తీ 13 వేలు, 260 లీటర్లు అమ్మితే గట్టెక్కుతారు. ఇప్పుడున్న 120 నుంచి 260కి ఎదగడం కష్టమే కానీ ఏడాదిలో చేయగలిగినదే. పైగా టౌన్‌లో మీరిచ్చే గానుగ కూలి మిగులుతుంది, ఊళ్లో రైతులు తెచ్చిన పల్లీలు ఆడించి నాలుగు డబ్బులు సంపాదించొచ్చు కూడా. ఏ ప్రాజెక్టు అయినా సబ్సిడీ సున్నా అనుకుని లెక్క వేయండి. అప్పటికీ నిలబడితేనే ముందుకెళ్లండి.

చిన్న ప్రాజెక్టుకు ఇంకో లాభం ఉంది. 10 లక్షల లోపు అప్పుకు బ్యాంకు తాకట్టు అడగకూడదు. అలాగే తయారీ యూనిట్ 10 లక్షలు దాటితేనే ఎనిమిదో తరగతి పాసైన సర్టిఫికెట్ కావాలి. మీ చదువు సంగతి మీరు రాయలేదు.

ఆ 8 లక్షలూ యంత్రాలకే పెట్టొద్దు. గానుగ, మోటారు, వడపోత సామాను కలిపి 3 లక్షలు, షెడ్డు, త్రీఫేజ్ కరెంటుకు లక్షా ఇరవై వేలు, సీసాలు నింపే సరంజామాకు 50 వేలు, చిల్లర ఖర్చులకు 30 వేలు, మిగతా 3 లక్షలు సరుకు కొనడానికి అనుకోండి. కొటేషన్లు వచ్చాక ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి, సరుకు డబ్బు మాత్రం తగ్గనీయకండి. పాలమూరులో యాసంగి పల్లి మార్కెట్‌కు వచ్చే ఆ రెండు మూడు నెలల్లోనే గింజ చవకగా దొరుకుతుంది. అప్పుడు చేతిలో డబ్బు లేని గానుగ, వానాకాలంలో ఎక్కువ ధరకు కొని నష్టానికి ఆడుతుంది. 3 లక్షలకు రెండున్నర టన్నుల గింజ వస్తుంది, అంటే వెయ్యి లీటర్ల నూనె. మీ సొంత పంట దానికి అదనం. కొన్నది బాగా ఎండబెట్టి నిల్వ చేయండి, బూజు పట్టిన పల్లీని ఎంత చవకైనా గానుగలో వేయొద్దు.

బంగారం పనికొచ్చేది ఇక్కడే. యంత్రానికి బంగారం తాకట్టు పెట్టకండి, అది ఏళ్ల తరబడి తీరే అప్పు. పంట సీజన్లో సరుకు తక్కువ పడితే రెండు మూడు తులాలు బ్యాంకులో పెట్టి, నూనె అమ్మగానే విడిపించుకోండి. పాన్‌బ్రోకర్ దగ్గరికి మాత్రం వద్దు.

ముద్ర అడిగారు. ముద్ర అంటే సబ్సిడీ అని చాలామంది అనుకుంటారు, దాంట్లో సబ్సిడీ లేదు. తాకట్టు లేని అప్పు మాత్రమే. మొదటిసారి తీసుకునేవారికి 10 లక్షల దాకా ఇస్తారు. ముందు ముద్రతో గానుగ కొనేసి తర్వాత పీఎంఈజీపీలో ఈ 35 శాతం సబ్సిడీ అడిగితే ఇవ్వరు, అది కొత్త యూనిట్లకే. అందుకే అప్పు మంజూరయ్యే దాకా యంత్రానికి అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. చేతివృత్తుల వాళ్ల కోసం ఉన్న విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో గానుగ పని లేదు, దాని వెంట తిరిగి టైం వృథా చేసుకోకండి.

నేనైతే పీఎంఈజీపీతో పాటు పీఎంఎఫ్ఎంఈ గురించి కూడా కనుక్కుంటాను. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో వచ్చిన కేంద్ర పథకం ఇది. ఇందులోనూ 35 శాతం సబ్సిడీయే, గరిష్ఠం 10 లక్షలు. కాకపోతే మీ వాటా కనీసం 10 శాతం పెట్టాలి. సబ్సిడీకి మూడేళ్ల షరతు ఇక్కడా ఉంది. ఒకే యూనిట్‌కు రెండు సబ్సిడీలు కుదరవు. కానీ సంఘం సభ్యులకు ఇందులో ఒక మంచి వెసులుబాటు ఉంది. ఆహార తయారీ పని చేసే సభ్యురాలికి 40 వేల దాకా సీడ్ క్యాపిటల్, అంటే మొదటి పెట్టుబడి డబ్బు, సంఘాల సమాఖ్య ద్వారా వస్తుంది. తిరిగి కట్టాల్సిన డబ్బే అయినా సరుకుకు, చిన్న పనిముట్లకు బాగా పనికొస్తుంది. మండలంలో మహిళా సంఘాల పని చూసే ఐకేపీ ఆఫీసుకు వెళ్లి అక్కడి అధికారిని, ఏపీఎంను, అడగండి. గానుగ సంగతి ఏమైనా ఇది మాత్రం అడగాల్సిందే. బ్యాంకు అప్పు కాగితాలు సిద్ధం చేయడానికి ఈ పథకం కింద జిల్లాలో రిసోర్స్ పర్సన్లు ఉంటారు, వాళ్లకు ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. మీ కన్సల్టెంట్ 87,500 అడుగుతున్నది ఈ పనికే.

ఈ రెండు పథకాలకూ కేంద్రం ఇచ్చిన ఆమోదం 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు. కాబట్టి మీరు దరఖాస్తు పెట్టే రోజుకు ఏ నిబంధనలు నడుస్తున్నాయో పరిశ్రమల కేంద్రంలో అడిగాకే కదలండి. పీఎంఈజీపీ ఆన్‌లైన్ దరఖాస్తుకు రుసుము లేదు, చిన్న పరిశ్రమగా పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. నమూనా ప్రాజెక్టు రిపోర్టులు ఖాదీ కమిషన్ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, పాప చేత దింపించుకోండి. కొందరు మధ్యవర్తులు యంత్రం కొటేషన్ రెట్టింపు రాయించి, తేడా డబ్బు వెనక్కి ఇప్పిస్తామంటారు. అది మోసం. యూనిట్‌ను వచ్చి కళ్లతో చూసి తనిఖీ చేస్తారు, సంతకం మీదే కాబట్టి జవాబు చెప్పాల్సిందీ మీరే.

శిక్షణ ఎలాగూ తప్పనిసరి, దాన్ని మొక్కుబడిగా చేయకండి. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, ఆర్సెటీలు అంటారు, బ్యాంకుల ఆధ్వర్యంలో తిండి, బస పెట్టి ఉచితంగా నేర్పిస్తాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన కేంద్రం నమూనాగా ఇవి దేశమంతా వచ్చాయి. గానుగ తిప్పడం కంటే లెక్కల పుస్తకం రాయడం, ధర కట్టడం నేర్చుకోవడానికి వెళ్లండి. మన దగ్గర ప్రభుత్వ సాయం అంటే సబ్సిడీ ఎంత అనే అడుగుతారు, ఈ శిక్షణ గురించి అడిగేవాళ్లు తక్కువ. నా లెక్కలో మీకు ఎక్కువ మిగిల్చేది ఇదే.

అమ్మకం విషయంలో రెండు మాటలు. విడి వంట నూనె అమ్మడం చట్టప్రకారం కుదరదు, సీల్ చేసిన సీసాల్లో, లేబుల్‌తోనే అమ్మాలి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ వారంలోనే తీసుకోండి. ఇక జీఎస్టీ. 40 లక్షల టర్నోవర్ దాకా అక్కర్లేదని వీడియోల్లో చెప్తుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల వ్యాపారానికి అది నిజం, తెలంగాణలో మాత్రం పరిమితి 20 లక్షలే. నెలకు 500 లీటర్లు 340 చొప్పున అమ్మితే ఏడాదికి 20 లక్షలు దాటేస్తారు.

ఒక్కటి మాత్రం గానుగ కంటే ముందే చేయండి. మీ ఆయన రోజంతా ఆటో మీద ఉంటాడు, రేపు కిస్తీకి ఆ సంపాదన కూడా ఆసరా. బ్యాంకులో జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, సురక్ష ప్రమాద బీమాకు 20 రూపాయలు. ఇద్దరూ రెండూ తీసుకోండి. రెంటిలోనూ 2 లక్షల చొప్పున రక్షణ ఉంటుంది. అప్పుతో పాటు ఇంకేదైనా పెద్ద పాలసీ తీసుకోవాలని బ్యాంకులో ఎవరైనా ఒత్తిడి చేస్తే, ఆ షరతు కాగితం మీద రాసివ్వమని అడగండి.