నల్లగొండలో ఇల్లు కడుతుంటే ఏ లగ్జరీలు వదిలేయాలి?

నల్లగొండలో 200 గజాల్లో జి ప్లస్ వన్ మొదలుపెట్టాం, బేస్‌మెంట్ అయింది, బడ్జెట్ చేయి దాటేలా ఉంది, డబుల్ హైట్ హాలు, ఇటాలియన్ మార్బుల్, బాత్‌టబ్, ఫాల్స్ సీలింగ్, హోమ్ థియేటర్, లిఫ్ట్ అనుకున్నాం, వీటిలో ఏవి తీసేయొచ్చు అని అడిగారు. మేం దేవరకొండ రోడ్డు వైపు దాదాపు అంతే జాగాలో కట్టుకుని ఉంటున్నాం, అందుకే చెప్తున్నా. హైదరాబాద్ విల్లాల వీడియోలు చూసి లిస్టు రాసుకోకండి. మన దగ్గర మే నెల ఎండకీ, బోరు నీళ్లకీ నిలవని వస్తువు ఎంత అందంగా ఉన్నా ముందు దాన్నే కొట్టేయండి.

నీళ్ల సంగతి చూడండి. మా అక్క వాళ్లింట్లో బాత్రూమ్ పైకప్పుకి పళ్లెమంత రెయిన్ షవర్ పెట్టించారు. ఇప్పుడు దాని ప్రతి రంధ్రం చుట్టూ తెల్లగా ఉప్పు గడ్డకట్టి ఉంది. సగం రంధ్రాలు మూసుకుపోయాయి, తెరిచి ఉన్నవాటి నుంచి నీళ్లు అడ్డదిడ్డంగా గోడ మీదికి కొడతాయి. అక్క స్టూలెక్కి గుండుసూదితో పొడుచుకుంటూ ఉంటుంది. గాజు పార్టిషన్ మీద కూడా అదే తెల్లటి పొర. నిమ్మచెక్కతో రుద్దితే నాలుగు రోజులు మెరుస్తుంది, మళ్లీ మామూలే. బోరు నీళ్లున్న ఇంట్లో జకూజీ, గాజు షవర్ గది, ఖరీదైన నల్లరంగు కుళాయిలు అన్నిటిదీ ఇదే గతి. ఇక బాత్‌టబ్ ఒకసారి నిండాలంటే 200 లీటర్ల దాకా పడుతుంది. ఎండాకాలం బోరు దిగిపోయి ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే ఊళ్లో అది ఎవరు నింపుతారు? బకెట్, చేతి షవర్, గీజర్ చాలు.

ఆ డబ్బులో కొంత పెట్టి ఇంటికి రెండు పైపు లైన్లు వేయించండి. సంపు, పైన ట్యాంకు కూడా రెండేసి ఉండాలి. కృష్ణా నీళ్లు వంటింటికి, బోరు నీళ్లు బాత్రూములకి, కడుగుడుకి. దీన్ని ఎవరూ లగ్జరీ అనరు గానీ మా ఇంట్లో రోజూ సుఖపెడుతున్నది ఇదే. మన జిల్లా ఫ్లోరైడ్ కథ మీకు తెలియంది కాదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మన పల్లెల్లో చాలా బోర్లు ఎన్నడో దాన్ని దాటాయి. మా అమ్మది మర్రిగూడ వైపు. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లే తాగింది, ఇప్పుడు మోకాళ్లు పూర్తిగా వంగవు. అందుకే మా ప్లాన్‌లో మొదట గీసిన గది అమ్మది. కింది అంతస్తులోనే, బాత్రూమ్ గదిలోనే, జారని టైల్స్, కమోడ్ పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు తలుపు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇందులో మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించకండి.

ఇక ఎండ. డబుల్ హైట్ హాలు వద్దని గట్టిగా చెప్తాను. పై అంతస్తులో ఒక బెడ్‌రూమంత జాగా గాలిలో కలిసిపోతుంది. హాలు ఎత్తు రెట్టింపైతే ఏసీ చల్లబరచాల్సిన గాలి కూడా రెట్టింపే. 44, 45 డిగ్రీలు కొట్టే రోజుల్లో కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. పడమటి వైపు గాజు ఎలివేషన్ కూడా అంతే, మధ్యాహ్నం రెండింటి నుంచి పొద్దుగూకేదాకా ఇల్లంతా ఉడికిపోతుంది. దాని బదులు పడమటి గోడ తొమ్మిది అంగుళాలు కట్టించి, కిటికీల మీద సన్‌షేడ్ రెండడుగులు బయటికి తీయించండి. స్లాబ్ మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించి, పైన తెల్లటి కూల్ రూఫ్ టైల్స్ వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ వేడి గురించే. మిద్దె మీద సోలార్‌కి కొంత జాగా వదలండి. 2024లో మొదలైన కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్య ఘర్‌లో 3 కిలోవాట్లకి రూ. 78,000 సబ్సిడీ ఉంది. పెట్టించే ముందు ఇప్పటి నిబంధనలు ఓసారి చూసుకోండి.

ఇటాలియన్ మార్బుల్ మన వంటలకి సరిపడదు. అందులో ఉండేది సున్నమే, చింతపండు పులుసో నిమ్మరసమో పడి కాసేపు ఉంటే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. హాల్లో, వంటింట్లో మేం గ్రానైట్ వేయించాం. బెడ్‌రూముల్లో పాలిష్ పట్టిన తాండూరు నీలం బండలు. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా పడుకోవచ్చు, అంత చల్లన. (తాండూరు బండ కూడా సున్నపురాయే, అందుకే వంటింట్లో వద్దు.)

ఫాల్స్ సీలింగ్ తర్వాతైనా చేయించుకోవచ్చు. రెండు వానాకాలాలు గడిచి, స్లాబ్ ఎక్కడా చెమ్మ పట్టడం లేదని తేలాక ఆలోచించండి. హోమ్ థియేటర్, ఆటోమేషన్‌కి ఇప్పుడు గోడల్లో ఖాళీ పైపులు మాత్రం వేసి వదిలేయండి. లిఫ్ట్ కొనొద్దు కానీ దాని జాగా వదలండి. రెండు అంతస్తుల్లోనూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి వచ్చేలా స్టోర్ రూములు పెట్టి, అక్కడ స్లాబ్ తర్వాత తీసేయడానికి వీలుగా ఇంజనీర్‌తో ముందే డిజైన్ చేయించండి. లిఫ్ట్ కింద ఉండాల్సిన గుంత సంగతి కూడా ఆయన్ని అడగండి.

అన్నీ తీసేసి ఇల్లు బోసిగా కట్టుకోమని కాదు. ఇంట్లో వాళ్లు మనసుపడ్డది ఒకటి ఉంచుకోండి. మా అమ్మ వాకిట్లో అరుగు అడిగింది. రెండు పార్కింగ్ పట్టే జాగాలో ఒకటి తగ్గించి కట్టించాం, పైన నల్ల గ్రానైట్ వేయించాం. సాయంత్రం అయితే వీధిలో ఆడవాళ్లంతా అక్కడే. మా ఆవిడ టేకు సింహద్వారం కావాలంది, అదీ చేయించాం.

మేస్త్రీతో చదరపు అడుగు రేటు మాట్లాడుకున్నప్పుడు ఎలివేషన్, సీలింగ్ అందులోనే కలిపి చెప్పారేమో చూడండి. కలిపి ఉంటే, తీసేసినవాటి మేరకు రేటు తగ్గించి కాగితం మీద రాయించుకోండి. మార్బుల్, సీలింగ్ గురించి నిర్ణయానికి ఇంకా నెలల టైముంది. డబుల్ హైట్ సంగతి మాత్రం ఈ వారమే తేల్చండి. పిల్లర్లు లేచాక బీముల లెక్క మార్చాలంటే మళ్లీ డ్రాయింగులు, మళ్లీ ఖర్చు.