వానలు తగ్గితే వీధిలో ఈ నీళ్లెక్కడివి?

ప్రశ్న: మొన్న రాత్రి వానకు మా వీధిలో మోకాలి లోతున నీళ్లు నిలిచాయి. మా అబ్బాయేమో దేశంలో వానలు తగ్గుతున్నాయని చదివి వినిపిస్తున్నాడు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: రెండూ నమ్మండమ్మా. 1951 నుంచి 2015 వరకు చూస్తే దేశం మొత్తం మీద నైరుతి వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. ఆ తగ్గుదల గంగా మైదానంలో, పశ్చిమ కనుమల్లో బాగా కనిపిస్తుంది. అక్టోబరులో వాయుగుండాల వాన కూడా పడే మన విశాఖకు ఆ లెక్కను యథాతథంగా అంటగట్టకూడదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలోని నీటిని కొలతగ్లాసులో పోసి, కంటి ఎత్తుకు పట్టుకుని, నీటి వంపు అడుగున ఉన్న అంకెను రిజిస్టరులో రాసేవాడిని. అరవై మిల్లీమీటర్లు ఉంటే అరవై. రాత్రంతా జల్లుగా పడిందా, గంటలో కుమ్మరించిందా అన్నది ఆ గ్లాసు చెప్పదు. పొలానికీ మీ వీధికీ కావలసింది సరిగ్గా ఆ సంగతే. మధ్య భారతంలో 1950 – 2015 మధ్య విస్తారంగా కురిసే కుంభవృష్టి ఘటనలు మూడింతలయ్యాయి. మొత్తం తగ్గినా ఇలా జరగవచ్చు.

ఎలాగంటారా? నేల సముద్రం కంటే ఎక్కువగా వేడెక్కితేనే రుతుపవనాలకు లోపలికి వచ్చే ఊపు. అదే కాలంలో హిందూ మహాసముద్రపు ఉష్ణమండల భాగం దాదాపు 1 డిగ్రీ వేడెక్కింది. మరోపక్క మైదానాల మీది పొగ, ధూళి ఎండకు అడ్డుపడ్డాయి. నేలకూ నీటికీ మధ్య ఉండే ఆ తేడా తగ్గింది. కాని గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. కురిసినప్పుడు అదంతా ఒక్కసారిగా దిగుతుంది.

1901 – 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగిందంటే, ‘పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఆరేడు డిగ్రీలు తేడా ఉంటుంది, ఇదెంత?’ అని వాదించేవారున్నారు. వారితో నాకు చచ్చే విసుగు. రోజువారీ ఎగుడుదిగుళ్లు సగటులో చెల్లిపోతాయి. నూరేళ్ల పెరుగుదల అలా చెల్లిపోదు.

వర్షపాతం పట్టికలో వర్షపు రోజుల సంఖ్య కూడా చూడమని మీ అబ్బాయికి చెప్పండి. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడిన రోజునే అలా లెక్కిస్తారు. ఇక మీ వీధి నీళ్ల సంగతా? వాన నీరు పారే గెడ్డకు (వాగుకు) అడ్డంగా ఎవరు గోడ కట్టారో ముందు చూడండి. ఆ తప్పును కూడా మేఘాల మీదికి నెట్టడం న్యాయం కాదు.